మొదటి కాలమా, నీకు దండం

మొదటి కాలమా, నీకు దండం.

సరళి వరుసలు నేర్చుకునే ఇంట్లో, అన్నిటికంటే నిదానమైన నడకవని, నీకెప్పుడూ మర్యాద తక్కువే. నువ్వెప్పుడు అయిపోతావా అని పిల్లలు చూస్తారు. మూడో కాలం వినిపిస్తేగాని తాతగారు పేపర్లోంచి తలెత్తరు. నీ గొప్ప నాకు వీణ దగ్గర తెలియలేదు, గాత్రం దగ్గరా తెలియలేదు. ఎక్కడో స్పెయిన్‌లో పుట్టిన ఒక గిటారు పాట దగ్గర తెలిసింది.

ఫ్రాన్సిస్కో తార్రెగా (1852–1909) కట్టిన ‘అలాంబ్రా జ్ఞాపకాలు’ అది. ఆయన మనకు కొత్తవాడేం కాదు. 1902 నాటి ఆయన ‘గ్రాన్ వాల్స్’లోని చిన్న ముక్కే నోకియా ఫోనులో మోగింది. పెళ్ళిపందిట్లో, సినిమా హాల్లో, ఆర్టీసీ బస్సులో ఇంతగా వినిపించి కూడా పేరు తెలియని విద్వాంసుడు పాపం మరొకడు ఉంటాడా!

గిటారుకు ఒక శాపం ఉంది. మీటిన క్షణం నుంచే స్వరం చావడం మొదలుపెడుతుంది. ఫిడేలుకు కమాను ఉంది, గొంతుకు ఊపిరి ఉంది, వీణకు గమకం ఉంది. దీనికి వేళ్ళే దిక్కు. బొటనవేలు మంద్రం మీటగానే ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు వరసగా వచ్చి ఒకే తీగను తాకిపోతాయి. దీన్నే ట్రెమొలో అంటారు. మూడు దెబ్బల లెక్క, దెబ్బకు ఎనిమిది మీటులు, ఆవర్తానికి 24. అంత వేగంలో చెవి మోసపోతుంది. చచ్చిపోబోయే స్వరం తెగకుండా సాగుతున్నట్టే ఉంటుంది.

నీ దగ్గర ఆ మోసం చెల్లదు. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 40 టిక్కులకు దించి, టిక్కుకు ఒక్క మీటు. అక్కడ అలాంబ్రా కోట లేదు, ఎ మైనర్ దిగులైనా లేదు. టిక్కు, బొటనవేలు. టిక్కు, ఉంగరపు వేలు. పక్కగదిలో వాళ్ళకు ఎవరో శ్రుతి చేసుకుంటున్నారనిపిస్తుంది. కానీ వేగంలో దాక్కున్న దొంగలందరూ నీ వెలుతురులోనే దొరుకుతారు: ఉంగరపు వేలి బరువు, నడిమి వేలి బద్ధకం, చూపుడు వేలికీ మళ్ళీ వచ్చే బొటనవేలికీ మధ్య మిగిలే సందు. పాట కుంటేది ఆ సందులోనే. రెండో తీగ మీదికి దిగితే ఇంకో కష్టం, అటొక తీగ, ఇటొక తీగ. గోరు వెంట్రుకవాసి తప్పినా పక్కది పలికేస్తుంది.

ఇదంతా వేళ్ళ సంగతి. నేను నీకు మొక్కేది అసలు మరోదానికి. ఇంట్లో తప్పకుండా వచ్చినది సభలో ఎందుకు తప్పుతుంది? వేళ్ళ జ్ఞాపకం గొలుసుకట్టు. ముందు పట్టు తర్వాతి పట్టును లాక్కొస్తుంది. వేదికమీద అరచేతులు చెమర్చి, గుండెదడ చెవుల్లో మోగుతుండగా, బుద్ధి ఉన్నట్టుండి అడుగుతుంది: తర్వాత ఏమిటి? వేళ్ళకు మాట రాదు. నువ్వు మాత్రం ఆ గొలుసును ముందే తెంపేస్తావు. నీ నిదానంలో అలవాటు ఎవర్నీ ఈడ్చుకెళ్ళలేదు. ప్రతి పట్టునూ తెలిసి పట్టాల్సిందే. నోట్స్ మూసేసి, నీ నడకలో, తడుముకోకుండా చివరికంటా వచ్చిన పాటనే నాదని ఒప్పుకుంటాను. ఆపైన మధ్యలోంచి ఎత్తుకుంటాను. చివరి భాగం ముందు వాయిస్తాను. ఎ మేజర్‌లోకి వెలుగు తిరిగేచోట మొదలుపెడతాను. బస్సులో గిటారు లేకుండానే కళ్ళు మూసుకుని ఎడమచేతి పట్లన్నీ దాటుకుంటూ పోతాను. మేడమెట్లు పరుగున ఎక్కి, ఆ ఆయాసంలోనే కూర్చుని వాయిస్తాను. అత్తయ్య వస్తే ఆవిడే సభ. అంతా విని, “బాగుందిరా, ఇప్పుడేదైనా సినిమా పాట వాయించు” అంటుంది. అంతకంటే కఠినమైన శ్రోత టికెట్టు కొని రాడు.

నీ గుళ్ళోనే కాపురముంటే ట్రెమొలో రాదని కూడా చెప్పాలి, కోపగించుకోకు. రెండు దెబ్బలు పూర్తి వేగంతో పరుగెత్తి ఆగడం, మళ్ళీ రెండు, అవీ కావాలి. చెయ్యి బిగుసుకుంటే తిరిగి నీ గడపకే.

స్తోత్రమన్నాక ఫలశ్రుతి ఉండాలి. నిన్ను నిత్యం కొలిచినవారికి సభాభయం పోతుందని నేను చెప్పను. ఎడమకాలి కింద చిన్న పీట, గోళ్ళు నున్నగా దిద్దుకునే గరుకు కాగితం, విరిగిన గోటికి అతికించుకునేందుకు టేబుల్ టెన్నిస్ బంతి ముక్క, అన్నీ సంచిలో ఉన్నా చేతులు చల్లబడతాయి. తొలి ఆవర్తంలో ఉంగరపు వేలు వణుకుతుంది. వణుకుతూనే తన తీగ తాకుతుంది. దాని వెనకే నడిమి వేలు, చూపుడు వేలు. ఈలోగా బొటనవేలు తర్వాతి మంద్రం మీదికి ఎప్పుడో చేరుకుని ఉంటుంది.