పెన్సిల్ ఇచ్చిన చెయ్యి

జైలు సాహిత్యం అనగానే రాసినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకుని ఊరుకుంటాం. ఈజిప్టు రచయిత్రి నవల్ ఎల్ సాదవిని 1981 సెప్టెంబరులో సాదత్ ప్రభుత్వం జైల్లో పెట్టింది. కాగితం, కలం నిషిద్ధం. కనుబొమలు దిద్దుకునే పెన్సిల్‌తో టాయిలెట్ పేపరు మీద రాసుకుందామె. ఆ పెన్సిల్ ఇచ్చింది వ్యభిచారం నేరం కింద జైలుకొచ్చిన ఓ స్త్రీ. సాదవి పుస్తకం దేశదేశాలు తిరిగింది. పెన్సిల్ ఇచ్చినామె కథ మాత్రం ఆమె మాటల్లో మన చేతికి రాలేదు.

సుధా భరద్వాజ్ 'ఫ్రమ్ ఫాంసీ యార్డ్' (2023) చదువుతున్నంతసేపూ ఇదే నన్ను వెంటాడింది. ఎరవాడ జైలు ఊచల వెనకనుంచి తోటి ఖైదీలను చూసి, ఒక్కొక్కరి గురించీ కొద్ది మాటల్లో రాసిందామె. తన బాధకంటే వాళ్ల బతుకులకే ఎక్కువ చోటివ్వడం నాకు నచ్చింది. అయినా అవి ఆమె చూసిన బతుకులే. ఇది రచయిత్రి లోపం కాదు. చదువు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న లెక్క జైల్లోనూ మారదు.

లాయరుగా ఆమె తోటి ఆడవాళ్లకి అర్జీలు రాసిపెట్టింది. అర్జీలో కోర్టుకి పనికొచ్చే ముక్కలే మిగులుతాయి. మిగతా జీవితమంతా కాగితం బయటే ఉండిపోతుంది. మనం జైలు రచనల సంకలనాలు వేసేటప్పుడు ఆ మాటలకీ చోటుండాలి. అందుకు రాయడం వచ్చినవాళ్లం ముందు వాళ్ల పక్కన కూర్చుని వినాలి.