ఐసెవెన్ మోజు

మా చుట్టాల్లో ఎవరి పిల్లలు ఇంజినీరింగులో చేరినా, కంప్యూటర్ కొనేముందు నాకో ఫోన్ వస్తుంది. "ఐసెవెనే తీసుకోమంటావా అన్నయ్యా?" అంటూ మొదలవుతుంది. బడ్జెట్ సంగతి ఆ తర్వాత. పిల్లవాడు దాంతో ఏం చేస్తాడన్నది నేను అడిగితే గానీ రాదు.

ఇంటెల్ పేర్లలోని 3, 5, 7 అంకెల్ని మనం ర్యాంకుల్లా చదువుతాం. ఆ ర్యాంకు ఒకే తరంలో చెల్లుతుంది, తరం మారితే చెల్లదు. 2017 జనవరిలో వచ్చిన ఐ7-7700కే లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. అయిదేళ్ల తర్వాత వచ్చిన ఐ3-12100లోనూ అన్నే. పైగా కొత్తదాని ఒక్కో కోరూ ఎక్కువ చురుకు. ఆ పాత ఐసెవెన్‌కు విండోస్ 11 అధికారిక జాబితాలో చోటే లేదు. కాబట్టి సెకండ్ హ్యాండ్ పీసు చూపించి "ఐసెవెన్ సార్" అంటే, డాష్ తర్వాత తరాన్ని చెప్పే అంకెలేమిటో అడగాలి.

చివరి అక్షరమూ చూడాలి. 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే. ధర తగ్గిందని కొంటే, గ్రాఫిక్స్ కార్డు వేసేదాకా మానిటర్ మీద బొమ్మ రాదు. గేములకోసం ఎలాగూ కార్డు కొనేవాడికి అది ఆదా. కోడింగు, ప్రాజెక్టు రిపోర్టులు చూసుకునే అమ్మాయికి దండగ ఖర్చు. ఆమెకు 6 కోర్లతోపాటు గ్రాఫిక్స్ కూడా లోపలే ఉన్న ఏఎండీ రైజెన్ 5 5600జీ లాంటిది నయం.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొటేషన్ రాయించినా, ఆన్‌లైన్లో వెతికినా, ప్రాసెసర్ ధర విడిగా చూడొద్దు. సాకెట్‌కు తగిన మదర్‌బోర్డు, ఆ బోర్డుకు తగిన ర్యామ్ కలిపి చూడాలి. ఏఎండీ ఏఎం5 బోర్డుల్లో డీడీఆర్5 ర్యామే పడుతుంది; పాత డీడీఆర్4 స్టిక్కులు పనికిరావు. ఇంట్లో ఏఎం4 బోర్డు ఉంటే మాత్రం అదృష్టమే. 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేస్తే 5000 సిరీస్ రైజెన్ సరిపోతుంది. అందరికంటే చవకగా బయటపడేది వాళ్లే.

అందుకే నేను ముందు పని అడుగుతాను. ఆ పనికి చాలిన ప్రాసెసర్ దగ్గర ఆగి, మిగిలిన డబ్బు 16 జీబీ ర్యామ్‌కూ మంచి ఎస్‌ఎస్‌డీకీ పెట్టమంటాను. రోజూ చేతికి తెలిసే వేగం అక్కడుంది.

ఐత్రీ కొన్నామని పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి మొహమాటమైతే 12100 కొన్నామనండి. ఏడు కన్నా పెద్ద అంకే కదా!