వాగ్దాన కార్డు, యిర్మీయా 29:11 : ఒక విమర్శనాత్మక పరిశీలన

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు గంటలు దాటిన తరువాత మన సంఘములలో అనేక చోట్ల ఒక పళ్లెము వరుసల మధ్యకు వస్తుంది. అది కానుకల పళ్లెము కాదు. అందులో చిన్న కార్డులు బోర్లించి ఉంటాయి. ఒక్కొక్కరు ప్రార్థించుకొని ఒకటి తీసుకుంటారు. ఆ సంవత్సరమంతటికి అదే వారి వాగ్దానము. అమీర్‌పేటలో పరిచర్య చేయుచున్న నేను కూడ ఎన్నో ఏండ్లు ఆ పళ్లెము పట్టుకొని నిలిచినవాడనే. కనుక ఈ వ్యాసములోని విమర్శ మొదట నాకే తగులుతుంది.

ఆ కార్డులకు వచనములు ఎన్నుకొను పద్ధతిని గమనించండి. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయములో దీవెనలకు సంబంధించినవి మొదటి 14 వచనములు. 15 నుండి 68 వరకు, అనగా 54 వచనములు, అవిధేయతకు కలుగు శాపములు. పదమూడవ వచనము లేని కార్డుల కట్ట నేను చూడలేదు. ఆ యాబది నాలుగింటిలో ఒక్కటైనను అచ్చయిన కార్డు కూడ చూడలేదు.

అయితే అన్నిటికంటె ఎక్కువగా వాడబడునది యిర్మీయా 29:11. కొన్ని సంవత్సరముల క్రితము మైత్రీవనం వెనుక ఒక హాస్టలులో ఉండి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకొనుచున్న యౌవనస్థునికి ఆ కార్డు వచ్చినది. సంవత్సరమంతా దానిని పర్సులో పెట్టుకొని ఇంటర్వ్యూలకు తిరిగాడు. మరల డిసెంబరు వచ్చినప్పుడు దానిని నా బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, ఈ మాట నాది కాదా? లేకపోతే నాకు విశ్వాసము లేదా?" అని అడిగాడు. "ఇంకొంచెము కనిపెట్టు బాబూ" అన్నాను. అంతకంటె బలహీనమైన జవాబు నా పరిచర్యలో మరొకటి ఇచ్చినట్లు జ్ఞాపకము లేదు. అతడు హాస్టలు ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయాడు. కార్డు నా యొద్దనే ఉండిపోయినది.

అతని రెండు ప్రశ్నలకు వెలుపల మూడవది ఒకటి ఉన్నది: ఈ మాట ఎవరికి, ఎప్పుడు, దేనిని గూర్చి చెప్పబడినది? క్రీ.పూ. 597లో యెకోన్యాతో కూడ బబులోనుకు కొనిపోబడినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరములోని మాట ఇది. ముందటి అధ్యాయములో హనన్యా అను ప్రవక్త రెండు సంవత్సరములలో అంతయు తిరిగి వస్తుందని ప్రకటించి, యిర్మీయా మెడమీది కాడిని విరిచాడు. జనులకు నచ్చు వాగ్దానము హనన్యాదే. యిర్మీయా ఉత్తరము మాత్రము డెబ్బది సంవత్సరములని చెప్పుచున్నది. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడి అను సలహా త్వరలో ఇంటికి పోవువారికి ఇచ్చునది కాదు. ఆ ఉత్తరము విన్న నలువది ఏండ్ల మనిషి బబులోనులోనే పాతిపెట్టబడి యుండును. పదునొకండవ వచనము ఆయనకు కూడ చెప్పబడినదే.

అమీర్‌పేట గోడల మీద ఇన్ని వారములలో కోర్సు, ఆపైన ఉద్యోగము గ్యారంటీ అను బోర్డులు చూచి పెరిగిన చెవికి హనన్యా గడువే దేవుని గడువుగా వినబడుట ఆశ్చర్యము కాదు. ఆ చెవికి తగినట్లు బోధించుట మన తప్పు.

ఇక్కడ అనువాదమును గూర్చి ఒక మాట. హెబ్రీలో 7వ వచనములోను 11వ వచనములోను ఉన్నది ఒకే పదము, షాలోమ్. మన వాడుక తెలుగు బైబిలులో ఏడవ వచనమందు అది "క్షేమము", పదునొకండవ వచనమందు "సమాధానకరమైన". రెండును మంచి మాటలే. కాని ఈ తేడావలన, నా కొరకైన షాలోమ్ నేను నివసించు పట్టణపు షాలోమ్‌తో ముడిపడియున్నదను సంగతి తెలుగు పాఠకునికి కనబడకుండ పోయినది. ఆంగ్ల ఎన్.ఐ.వి. తర్జుమా ఇక్కడ వర్ధిల్లజేయుట అను అర్థముగల మాట వాడుటచేత, దానిని చూచి ప్రసంగించువారు మరికొంత దూరము వెళ్లారు. ఆంగ్లమునకు లేని సౌకర్యము మనకున్నది: "మిమ్మును" అనునది బహువచనము. మర్యాదకొరకైన "మీరు"గా వినుటకు వీలులేదు, ఏలయనగా మన బైబిలులో దేవుడు ఒక్క వ్యక్తిని "నీవు" అనే పిలుచును.

చీటీలు తీయుట మొరేవియనుల నుండి వచ్చిన మంచి ఆచారమేగదా అని కొందరు అడుగుదురు. 1728లో జిన్‌జెన్‌డార్ఫ్ హెర్న్‌హుట్‌లో ప్రారంభించిన అనుదిన వాక్యము 1731 నుండి ప్రతి సంవత్సరము గ్రంథముగా వస్తున్నది. పాత నిబంధన వచనమును చీటి ద్వారానే తీస్తారు. అయితే ఆ దినమున ఆ వచనము సమాజమంతటికి ఒక్కటే. దానికి జతగా క్రొత్త నిబంధన వచనము కూడ ఎన్నుకుంటారు. మనము చీటీని తీసుకొని సమాజమును విడిచిపెట్టాము. స్పర్జన్ కూడ 1888 నాటి తన అనుదిన ధ్యాన గ్రంథములో వాగ్దానమును బ్యాంకు చెక్కుతో పోల్చాడు. ఆ పోలిక మన ప్రసంగ వేదికల మీద బాగా నాటుకొన్నది. కాని తారీఖు ముందుకు ఉన్నయెడల ఓపికతో కనిపెట్టవలెనని ఆయన అదే ముందుమాటలో వ్రాసిన సంగతి ఎవరు చెప్పుచున్నారు?

ఆలస్యమును మాత్రమే సర్దిచెప్పుకొంటే సరిపోదు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి వరండాలో మా సంఘపు సహోదరి భర్త మంచము కొరకు, తరువాత ఆయన ప్రాణము కొరకు కనిపెట్టినది. ఆమె చేతిలో 118వ కీర్తన 17వ వచనము కార్డు ఉన్నది. ఆయన బ్రతుకలేదు. సమాధి కార్యక్రమమునకు ముందు ఆమె అడిగినది ఒక్కటే, ఆ వచనము చదవవద్దని. విశ్వాసము లేక అట్లు అడిగినదనుకొనుట అన్యాయము. వాగ్దానఫలము పొందకయే మృతినొందినవారిని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము విశ్వాసుల పట్టికలోనే చేర్చినది. 2 కొరింథీ 1:20 దేవుని వాగ్దానములన్నిటికి క్రీస్తునందు "అవును" అను జవాబున్నదని చెప్పునప్పుడు, ఆ క్రీస్తు తన గిన్నె తొలగవలెనని వేడుకొని దానిని త్రాగినవాడే. ఆ "అవును" సిలువను దాటి పునరుత్థానములో పలుకబడినది, సిలువకు బదులుగా కాదు. మోల్ట్‌మన్ 1964లో తన నిరీక్షణ వేదాంతమును ఇక్కడినుండే కట్టాడని విద్యార్థులు ఎరుగుదురు.

గత డిసెంబరు 31న కార్డులు లేకుండ ఆ ఉత్తరమును 1 నుండి 14వ వచనము వరకు చదివితిమి. ఏడవ వచనమునుబట్టి మా చుట్టుప్రక్కల హాస్టళ్ల కొరకు, ఆసుపత్రుల కొరకు ప్రార్థించితిమి. గుమ్మము దగ్గర ఒక పెద్దావిడ, "నాకు ఈ యేడు ఏ వాగ్దానమూ లేదా అయ్యగారూ?" అని నొచ్చుకున్నది. మనందరికి ఇచ్చినదే మీదనియు చెప్పితిని. మరుసటి ఆదివారము ఆమె వేరొక సంఘమునుండి తెచ్చుకొన్న కార్డును నాకు చూపించినది. అది ద్వితీయోపదేశకాండము 28:13.