చాపకూటి ధర్మము

మనుష్యుడు ఏమి తినుచున్నాడన్న దానికంటె ఎవరి సరసన కూర్చుండి తినుచున్నాడన్నదే సంఘస్వభావమును తేటతెల్లము చేయునని నా దృఢవిశ్వాసము. ఇది గ్రంథములు చదివి సంపాదించినది కాదు. పల్నాటిలో పుట్టి కారెంపూడి తిరునాళ్లకు పోవుచు పెరిగినవారికి సకల కులములవారు ఒకే చాపపై కూర్చుండి తిను చాపకూడు నేర్పిన పాఠమిది. ఇటీవల హైదరాబాదులో స్పెయిను, దక్షిణ అమెరికా వంటకములను వడ్డించు ఒక భోజనశాలలో మిత్రులతో గడపిన సాయంకాలము ఈ విషయమును మఱల తఱచి చూచుటకు నన్ను పురికొల్పినది.

అచ్చట ఎవరి విస్తరి వారిది కాదు. స్పెయినువారు టాపాస్ అని పిలుచుకొను ఆ పద్ధతిలో చిన్నచిన్న పళ్లెములు ఒకదాని వెంట నొకటి వచ్చి బల్ల నడుమ నిలుచును. చేయి చాచిన వారికెల్ల అందులో భాగము కలదు. వెల్లుల్లి రేకలతో ఆలివు నూనెలో చిటపటలాడుచు మట్టిమూకుడుతోనే వచ్చిన రొయ్యలు, వేయించిన బంగాళాదుంప ముక్కలపై ఎఱ్ఱని కారపు పులుసు పోసిన పటాటాస్ బ్రావాస్, దుంపలును గ్రుడ్లును కలిపి మందముగా కాల్చిన టోర్టియా వరుసగా వచ్చినవి. పిదప పెరూ దేశపు సెవిచే వచ్చినది. నిప్పు సోకని చేపముక్కలు నిమ్మరసములో నాని అంచులనుండి లోనికి క్రమముగా తెల్లబడినవి. వానిపై సన్నని ఉల్లి చీలికలును, మిరప తునకలును ఉన్నవి.

ఆ మిరప తునకను నోట పెట్టుకొనినంతనే నాకు గురజాల, దాచేపల్లి దారులలోని మిరప కల్లములు తలపునకు వచ్చినవి. అమెరికా ఖండమున పుట్టిన ఈ కాయ, 1492లో కొలంబసు చేసిన తొలియాత్ర పిదప స్పెయిను చేరి, పోర్చుగీసుల ఓడలలో మన పడమటి తీరమున దిగినది. స్పెయినులోని లా వేరా సీమలో దీనిని ఓక్ కట్టెల పొగపై ఆరబెట్టి పొడి చేయుదురు. మన పల్నాటిలో ఎండయే ఆ పని చేయును. కాయ గలగలలాడునంత వఱకు కల్లములో తిరుగవేసి, తొడిమలు తీసి, తాలు వేఱుచేసి, టిక్కీలనెడి గోనెసంచుల కెత్తి గుంటూరు మిర్చి యార్డునకు తోలుదురు. చాపకూటిని నడపిన పల్నాటి మంత్రి బ్రహ్మనాయుని కాలమున మన వంటయింట మిరపకాయ లేదు. ఆనాటి కారము మిరియములది. శ్రీనాథునివిగా చెప్పుకొను చాటువులలో మన జొన్నకూటిపై విసుగు కలదు గాని, ఆయన కాలమునను ఆ కూటికి మిరపకారపు తోడు లేదు. బంగాళాదుంపయు, టమాటాయు, వేరుసెనగయు ఇట్లే సముద్రములు దాటి వచ్చినవి. ఎన్నడును చూడని దేశపు రైతులు సాకి పెంచిన పంటలతో మన రుచి ఏర్పడినపుడు, పొరుగువాని చేతి అన్నము మైల యని తలచుటకంటె అజ్ఞానము వేఱొకటి కలదా?

ఆ అజ్ఞానమును పన్నెండవ శతాబ్దముననే ఎదుర్కొన్నవాడు బ్రహ్మనాయుడు. మాచర్ల చెన్నకేశవుని భక్తుడై, మంత్రిపదవిలో నుండి, సకల కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి అన్నము పెట్టించి, మాల కన్నమదాసును కుమారునిగా స్వీకరించి సేనానాయకుని చేసిన ఆ మహనీయుని కథను పల్నాడు నేటికిని మఱువలేదు. కార్తిక అమావాస్యతో కారెంపూడిలో ఆరంభమగు వీరారాధనోత్సవములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదుదినములు సాగును. మందపోరు నాడు నాగులేటి ఒడ్డున చాపకూడు నేటికిని జరుగుచున్నది.

టాపాస్ బల్లకును, చాపకూటికిని భేదము లేకపోలేదు. ఆ బల్ల చుట్టును చేరువారు ఒకరి నొకరు కోరి వచ్చిన మిత్రులు, వెల చెల్లింపగల వారు. వారి నడుమ పళ్లెము పంచుకొనుట సులభము, సుఖప్రదము. చాపకూటిలో, కలిసి తినరాదని తరతరములుగా శాసింపబడినవారు తొడకు తొడ తగులునట్లు కూర్చుండవలెను. మొదటిది స్నేహమును పెంచును. రెండవది స్నేహము పుట్టుటకే చోటు కల్పించును. రెండును మంచివే, కాని రెండవదానికే గుండెధైర్యము కావలెను.

అట్టి ధైర్యమునకు పుట్టినిల్లయిన సీమలోనే, అదే కార్తికమాసమున, కులమున కొక తోటలో, కులమున కొక పందిరిక్రింద వనభోజనములు సాగుచుండుట నా మనస్సును మిక్కిలి నొప్పించుచున్నది. ఏడాదికొకనాడు చాపకూడు తిని, మిగిలిన దినములలో ఎవరి పందిరి వారు వేసికొనుట బ్రహ్మనాయునికి చేయు ఆరాధన కాదు. నరసరావుపేటలోనైనను, మాచర్లలోనైనను, మీ ఊరిలో ఈ కార్తికమున వనభోజనము తలపెట్టినచో, చదువరులారా, ఊరందఱకును కలిపి ఒక్క పందిరియే వేయుడు. వడ్డనకు అన్ని వాడలవారిని పిలువుడు.