మేళంలోకి దారి: కోనసీమ కలావంతుల నాట్యశిక్షణ – విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• కలావంతుల మేళంలో నర్తకి ఎలా తయారయ్యేదో వివరించగలుగుతారు.
• 1947 చట్టం తరవాత ఆ దారి ఎలా మారిందో చెప్పగలుగుతారు.
• ‘పునరుద్ధరణ’, ‘ఫ్యూజన్’ అనే మాటలను నృత్యవిమర్శలో ఆచితూచి వాడగలుగుతారు.

1. పరిచయం

కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట తీర్థం జరుగుతుంది. ఏకాదశ రుద్రుల ప్రభలు కొబ్బరితోటల మధ్య నుంచి భుజాల మీద వస్తాయి. వాటి ముందు డప్పులు, మేళతాళాలు, గరగలు ఉంటాయి. మీరు కోనసీమవారైతే ఆ జనంలో నిలబడి చూసే ఉంటారు. ఎవరు బాగా ఆడారో చెప్పుకుని ఉంటారు. కాని ఆడేవారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆ బృందంలో చోటు ఎలా సంపాదించారు అని అడిగి ఉండరు.

నృత్యవిమర్శలో కూడా తరచు ఇదే లోపం కనిపిస్తుంది. అడుగు, ముద్ర, ఆహార్యం గురించి వివరంగా రాస్తాం. బృందంలోకి వచ్చిన దారి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతాం. ఒక కళలోకి ప్రవేశం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది కూడా ఆ కళ స్వరూపంలో భాగమే. ఈ పాఠంలోని ప్రధాన వాదన ఇదే. గోదావరి డెల్టాలోని కలావంతుల మేళాన్ని ఉదాహరణగా తీసుకుని దీన్ని పరిశీలిద్దాం.

2. మేళంలో శిక్షణ

ముమ్మిడివరం, మురమండ, గోదావరి అవతల బల్లిపాడు వంటి ఊళ్లలో కలావంతుల కుటుంబాలు ఉండేవి. నర్తకులు, పాటకులు, వాద్యగాళ్లు కలిసిన బృందమే మేళం. దానికి పెద్దదిక్కు నాయకురాలు. అమ్మాయికి మేళంలోకి ప్రవేశం ప్రధానంగా పుట్టుకతోనో, దత్తతతోనో దొరికేది. అయితే పుట్టినంత మాత్రాన నర్తకి కాదు. చిన్ననాటనే తల్లి, అమ్మమ్మ, మేళంలోని పెద్దలు పాట నేర్పేవారు. గజ్జెపూజ అయిన తరవాతే కాలికి గజ్జె కట్టి సభలోకి వచ్చేది.

ఈ శిక్షణలో మీరు ముఖ్యంగా గమనించవలసిన అంశం పాట. నర్తకి తానే పాడుతూ అభినయించాలి. క్షేత్రయ్య పదాన్ని కూర్చునే అభినయించేవారు. ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పాడుతూ, ప్రతిసారీ కొత్త భావం చూపాలి. ముందుగా కూర్చిన వరస అప్పజెప్పితే ఇది సాధ్యం కాదు. భాష తెలియాలి, సాహిత్యం అర్థం కావాలి, ఎదుట కూర్చున్న రసికుణ్ని కనిపెట్టి అప్పటికప్పుడు మలచుకోవాలి. మేళంలో ఏళ్ల తరబడి పెద్దల పక్కన కూర్చోవడమే దీనికి బడి.

పదాలు, జావళీలతోపాటు భామాకలాపం, గొల్లకలాపం కూడా వారు ఆడేవారు. కూచిపూడి బ్రాహ్మణ గురువులు వారికి కలాపాలు నేర్పిన సందర్భాలున్నాయి. కాబట్టి ఈ రెండు సంప్రదాయాలను మధ్య గోడ ఉన్నట్టు వేరుచేసి చూడటం సరికాదు.

3. చట్టం తరవాత

కందుకూరి వీరేశలింగం కాలంలోనే భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం మొదలైంది. ముత్తులక్ష్మీరెడ్డి వంటివారి కృషి తరవాత మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ అంకిత నిరోధక చట్టం వచ్చింది. 1956లో ఆంధ్రలో చేసిన సవరణతో పెళ్లిళ్లు, వేడుకల్లో మేళం ఆడటం కూడా నేరమైంది.

ఇక్కడ విమర్శకుడు రెండు విషయాలనూ కలిపి చూడాలి. తన ఇష్టంతో పనిలేకుండా ఒక బాలికను ఒక జీవనవిధానానికి కట్టేయడం అన్యాయం. సంస్కర్తల అభ్యంతరంలో బలం ఉంది. కాని చట్టం ఆ కట్టుబాటుతోపాటు ఆ స్త్రీల వృత్తినీ తీసేసింది. ఇరవై ఏళ్లు నేర్చిన విద్యను మూడో మనిషి ఎదుట ప్రదర్శించే వీలు లేకపోయింది. దవేశ్ సోనేజీ 2012లో వెలువరించిన ‘అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్’ అనే గ్రంథంలో కోస్తాంధ్ర కలావంతుల గురించి రాశారు. కచేరీ లేని కాలంలో వారి విద్య ఇంటి నాలుగు గోడల మధ్య జ్ఞాపకంగా మిగిలిన తీరు అందులో కనిపిస్తుంది.

4. పేరు మారిన ఆట

నటరాజ రామకృష్ణ (1923–2011) వృద్ధ కలావంతులను వెతికి, వారి దగ్గర నేర్చుకుని, ఆ సంప్రదాయానికి ‘ఆంధ్రనాట్యం’ అనే పేరు పెట్టారు. తరవాత స్వప్నసుందరి అదే సంప్రదాయంలోని మరికొందరి దగ్గర నేర్చుకుని ‘విలాసినీ నాట్యం’ పేరుతో ప్రచారం చేశారు. ఈ కృషి లేకపోతే ఎన్నో అంశాలు పోయేవి. అందుకు మనం కృతజ్ఞులం.

అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. కొత్త పేర్లు రెండింటిలోనూ ‘కలావంతులు’ అన్న మాట లేదు. ఆ పేరుకు అంటిన అవమానాన్ని తప్పించడానికే అలా చేశారని సమర్థించవచ్చు. కాని పేరు తప్పించినప్పుడు మనుషులూ తప్పుకున్నారు. రెండో ప్రశ్న ప్రవేశం గురించి. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయంలో స్త్రీలు తొమ్మిది రాత్రులు ఆడిన నవజనార్దన పారిజాతంలో సత్యభామ పాత్రకు నేడు పేరుపొందినవారు కళాకృష్ణ, పురుషుడు. అటు పురుషులే ఆడిన కూచిపూడి నేడు ఎక్కువగా స్త్రీల నృత్యం. తలుపులు రెండువైపులా తెరుచుకున్నాయి. కలావంతుల మనవరాళ్లు మాత్రం ఆ తలుపుల్లోంచి వేదిక మీదికి రావడం అరుదు. తాను కలావంతుల వంశీకురాలినని చెప్పుకుంటూ నాట్యం చేస్తున్న యశోదా ఠాకూర్ వంటివారి మాటకు అందుకే విలువ ఉంది.

5. ఒక పోలిక

ఇది మన ఒక్కచోటి కథ కాదు. ఈజిప్టులో 1834లో మహమ్మద్ అలీ పాషా కైరో నుంచి నర్తకీమణులను వెళ్లగొట్టాడు. వారు ఎగువ ఈజిప్టుకు చేరారు. ఆ ప్రాంతపు నాట్యాల నుంచి తీసుకున్న ‘బెల్లీడాన్స్’ను అమెరికాలో ఇతర శైలులతో కలిపి ఫ్యూజన్ బృందాలు ఏర్పడ్డాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1987లో కరోలీనా నెరీచియో ప్రారంభించిన ‘ఫ్యాట్‌ఛాన్స్ బెల్లీడాన్స్’ వీటికి ముందుదారి వేసింది. అక్కడ కులం అడగరు. అడుగులు, సంజ్ఞలు నేర్చుకోవాలి. నాయకురాలి సంజ్ఞ చూసి మిగిలినవారు అప్పటికప్పుడు అనుసరించాలి.

పుట్టుకతో కాక అభ్యాసంతో బృందంలో చేరవచ్చు. ఇది మంచి మార్పు. అప్పటికప్పుడు మలచుకునే నేర్పు మేళాన్ని గుర్తుకు తెస్తుంది కూడా. కాని రుసుము, తీరిక, పట్టణంలో నివాసం ఉన్నవారికే ఈ దారి సులువు. ఆ అడుగులు మొదట ఆడినవారి వారసులు ఆ తరగతి గదిలో ఉన్నారా అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

6. విమర్శకుని పని

ఇకపై ఒక నృత్యప్రదర్శనపై సమీక్ష రాసేటప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు నేర్పారు? నేర్పినవారి పేరు వేదిక మీద వినిపించిందా? వారి ఇంటి పిల్లలకు ఈ బృందంలో చోటుందా? జవాబు ప్రతికూలమైనంత మాత్రాన ప్రదర్శన చెడ్డదైపోదు. దాని గొప్పతనం ఎవరికి ఎంత బాకీపడిందో మాత్రం తెలుస్తుంది.

7. సారాంశం

మేళంలో ప్రవేశం పుట్టుకకు కట్టుబడినా, శిక్షణ లోతైనది. చట్టం కట్టుబాటును తీసేస్తూ వృత్తినీ తీసేసింది. పునరుద్ధరణ ఆటను కాపాడింది, ఆడినవారిని పూర్తిగా వెనక్కి తేలేకపోయింది. ఈ లెక్క రెండువైపులా చూపినప్పుడే విమర్శ న్యాయంగా ఉంటుంది.

8. మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. పదాభినయానికి మేళంలోని శిక్షణ ఎలా తోడ్పడిందో వివరించండి.
2. ‘పునరుద్ధరణ ఆటను కాపాడింది, ఆడినవారిని కాదు.’ ఈ అభిప్రాయాన్ని చర్చించండి.
3. మీ ఊరి తీర్థంలోనో, జాతరలోనో చూసిన ఒక నృత్యబృందంలోకి ప్రవేశం ఎలా దొరుకుతుందో అడిగి తెలుసుకుని, ఒక పుటలో రాయండి.