4.3 'మెట్రోలాండ్' డాక్యుమెంటరీ: విమర్శ

నివాసం పల్లెలో, ఉద్యోగం నగరంలో ఉన్నవారు ఎక్కువగా ఉండే ఊరిని 'కమ్యూటర్ గ్రామం' అంటారు. లండన్‌కు వాయవ్యంగా, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న చోర్లీవుడ్ ఇందుకు ఉదాహరణ. ఇక్కడికి మెట్రోపాలిటన్ రైల్వే 1889లో వచ్చింది. 1915 నుంచి ఆ కంపెనీ తన మార్గంలోని ప్రాంతానికి 'మెట్రోలాండ్' అని పేరు పెట్టి, అక్కడ ఇళ్లు కొనుక్కోమని నగరవాసులను ఆకర్షించింది.

కవి జాన్ బెట్జమన్ 1973లో బి.బి.సి.కి చేసిన 'మెట్రోలాండ్' డాక్యుమెంటరీ ఆ రైలుమార్గం వెంటే సాగుతుంది. చోర్లీవుడ్‌లో వాస్తుశిల్పి వాయ్‌సీ తన కుటుంబం కోసం కట్టుకున్న 'ది ఆర్చర్డ్' ఇంటిని ఇందులో చూడవచ్చు. మధ్యతరగతి ఇళ్లను చిన్నచూపు చూడకుండా ఆప్యాయంగా పరిశీలించడం ఈ చిత్రంలోని సుగుణం.

అయితే చిత్రం ఇళ్లను చూసినంత శ్రద్ధగా, కొత్తవారి రాకతో పాతవారి బతుకులు ఏమయ్యాయో చూడదు. ఆ లోటును సామాజికశాస్త్రం పూరిస్తుంది. రే పాల్ 1965లో ప్రచురించిన హెర్ట్‌ఫర్డ్‌షైర్ అధ్యయనంలో, ఒకే ఊళ్లో ఉంటున్నా నగరం నుంచి వచ్చిన మధ్యతరగతికీ స్థానిక శ్రామికులకూ మధ్య వర్గభేదం బలంగా ఉందని చూపాడు. కొత్తవారు తాము ఊహించుకున్న పల్లెను వెతుక్కుంటూ వచ్చారు. వారి రాకతోనే ఉన్న పల్లె మారిపోయింది.

కాబట్టి ఈ చిత్రాన్ని కమ్యూటర్ గ్రామ చరిత్రగా కాక, ఆ గ్రామం గురించి మధ్యతరగతి కన్న కలకు చరిత్రగా చదవడం సమంజసం.