పాఠమును దిద్దుకొను విధము

ఉపాధ్యాయులకు శిక్షణ అవసరమని అందరును ఒప్పుకొందురు. అది ఎట్టిదై ఉండవలెనని అడిగినచో మాత్రము సమాధానము గంటల లెక్కలోనికి దిగును. మన 2020 నాటి జాతీయ విద్యా విధానము ప్రతి ఉపాధ్యాయుడును ఏటా కనీసము 50 గంటలు వృత్తి వికాస కార్యక్రమములలో పాల్గొనవలెనని చెప్పినది. ఆ 50 గంటలలో జరుగవలసినదేమి? జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ అను అమెరికను విద్యాశాస్త్రజ్ఞులు 1999లో ప్రకటించిన 'ది టీచింగ్ గ్యాప్' అను గ్రంథము ఈ ప్రశ్న కొరకే నేటికిని చదువదగియున్నది.

గ్రంథమునకు ఆధారము జర్మనీలో 100, జపానులో 50, అమెరికాలో 81 ఎనిమిదవ తరగతి గణిత పాఠముల వీడియో చిత్రములు. పిల్లలు తమంత తాము లెక్కలు చేయు సమయములో అమెరికాలో నూటికి 96 వంతులు నేర్పిన పద్ధతినే తిరిగి తిరిగి చేయుటకు పోయినది. జపానులో అది 41 వంతులు మాత్రమే. 44 వంతులు క్రొత్త మార్గమును తామే వెదకుకొనుటకు వినియోగపడినది. (నిశ్శబ్దముగా లెక్కలు చేయుచున్న తరగతిని చూచి మెచ్చుకొను తనిఖీ అధికారులు ఈ అంకెలను గమనింతురు గాక!) నూతన బోధనా పద్ధతులను అమలు జరుపుచున్నామని అనేకులైన అమెరికను ఉపాధ్యాయులు నమ్మినారు. వీడియోలో ఆ మార్పు కనబడలేదు. వినుట, ఒప్పుకొనుట తరగతి గది వరకు చేరలేదన్న మాట.

గ్రంథములో అత్యంత విలువైన భాగము జపాను ఉపాధ్యాయుల 'పాఠ పరిశోధన' వర్ణన. ఒక బడిలోని ఉపాధ్యాయులు కూడి ఒక్క పాఠమును ఎన్నుకొని వారముల తరబడి తయారుచేయుదురు. ఒకరు బోధింతురు, తక్కినవారు పిల్లల ప్రక్కన నిలిచి వారేమి చేయుచున్నారో చూతురు. పిమ్మట చర్చించి, దిద్ది, వేరొక తరగతిలో మరల బోధింతురు. చర్చ ఎంత సూక్ష్మమనగా, తీసివేతకు ఏ సంఖ్యలు ఇవ్వవలెనన్నదియు అందులోని అంశమే. 13 నుండి 9 తీయుమన్నచో, 10లో 9 పోగా 1, దానికి 3 కలుపుట సులభముగా తోచును. 12 నుండి 7 అన్నచో కొందరు ముందు 2 తీసి పిదప 5 తీయుదురు, కొందరు 10లో 7 తీసి 2 కలుపుదురు. సంఖ్య మారగానే పిల్లవాని ఆలోచన మారును. పాఠము అందరును కలిసి వ్రాసినది గనుక, తప్పు దొరికినచో అది బోధించినవానిపై పడదు. తనిఖీకిని దీనికిని గల భేదమంతయు ఇక్కడనే ఉన్నది.

అయితే గ్రంథకర్తలు ఇక్కడ ఒక గంతు వేసినారు. చిత్రించినది ఎనిమిదవ తరగతి. పాఠ పరిశోధన ముఖ్యముగా వర్ధిల్లినది ప్రాథమిక పాఠశాలలలో. జపాను పాఠములలో అధిక భాగము రేఖాగణితము. ఆ బోధనకు ఈ పరిశోధనయే కారణమని ఇంతమాత్రమున రుజువు కాదు. ఏడు దేశముల పాఠములను పోల్చి 2003లో ప్రకటించిన తదుపరి అధ్యయనములో, ఉన్నత ఫలితములు గల దేశములన్నియు ఒకే బోధనా పద్ధతిని అనుసరించుట లేదని తేలినది.

సమయము సంగతియు చిన్నది కాదు. 2018 నాటి అంతర్జాతీయ సర్వేలో జపాను మాధ్యమిక ఉపాధ్యాయులు వారమునకు 56 గంటలు పనిచేయుచున్నట్లు తెలిసినది; సగటు 38. ఇక మన ఏకోపాధ్యాయ పాఠశాలలో ఎవరి పాఠమును ఎవరు చూడవలెను? గ్రంథములో దీనికి జవాబు లేదు. చుట్టుప్రక్కల బడుల వారు కలిసికొను కాంప్లెక్స్ సమావేశములు మనకున్నవి. అక్కడ ఒక పూట ఉపన్యాసము మాని, పిల్లలను కూర్చుండబెట్టి, 12 నుండి 7 తీయు పాఠమును చెప్పి చూడవచ్చును.